ఒక్క ముక్క కేక్‌తో రోజంతా పాడైపోయినట్టేనా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 36. ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం. రెండో కాన్పు తర్వాత పెరిగిన బరువు తగ్గించుకోవాలని ఏడాదిగా ప్రయత్నిస్తున్నాను. స్వీట్లు, ఐస్‌క్రీమ్, చాక్లెట్, కేక్ ఏవీ ముట్టకూడదని నియమం పెట్టుకున్నాను. పొద్దున చక్కెర లేని కాఫీ, మధ్యాహ్నం ఒక గిన్నెడు కూరగాయల సలాడ్, రాత్రి సూప్. నాలుగైదు రోజులు బాగానే గడుస్తుంది, ఆ తర్వాత ఎక్కడో తప్పుతుంది. మొన్న ఆఫీసులో ఒకరి పుట్టినరోజుకి అందరూ బలవంతం చేస్తే ఒక ముక్క కేక్ తిన్నాను. ఇంటికొచ్చేదాకా అదే బాధ. ఎలాగూ ఇవాళ్టికి పాడైపోయింది కదా అనుకుని, రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి బిస్కెట్ల ప్యాకెట్ మొత్తం ఖాళీ చేశాను. నిజానికి నాకు బిస్కెట్లంటే అంత ఇష్టం కూడా లేదు. ఇష్టమైంది చాక్లెట్ ఐస్‌క్రీమ్. అది తిని ఏడాది దాటింది. మర్నాడు శిక్షగా సాయంత్రం దాకా ఏమీ తినలేదు. ఆ వారమే మా ఎనిమిదేళ్ళ పాప, ‘అమ్మా, కేక్ తింటే నేను కూడా లావైపోతానా?’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. నా రక్తపరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. నాకు మనోనిగ్రహం లేదా? ఇవన్నీ శాశ్వతంగా మానేయడమే దారా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మానేయనక్కర్లేదు. మీ మనోనిగ్రహానికి వచ్చిన లోటు కూడా ఏమీ లేదు. ఈ రెండు మాటలూ మీకు ధైర్యం చెప్పడానికి అంటున్నవి కావు, ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఆ రోజు లెక్క చూద్దాం. ఆఫీసులో పంచిపెట్టే కేక్ ముక్కలో మహా అయితే 350 నుంచి 400 కేలరీలుంటాయి. మీ వయసులో, కూర్చుని పనిచేసే ఆడవాళ్ళకి వారం మొత్తానికి అటూ ఇటూగా 13 వేల కేలరీలు కావాలి. అందులో ఆ కేక్ ముక్క ఏపాటిది? ఇక రాత్రి తిన్న బిస్కెట్ల ప్యాకెట్ 200 గ్రాములది అనుకుంటే, అందులో 900 పైచిలుకు కేలరీలుంటాయి. కేక్‌కి రెండింతలకు పైనే. పైగా అది మీకు ఇష్టమైన తిండి కూడా కాదు. నలుగురితో నవ్వుతూ తిన్న కేక్‌కి మీరు భయపడుతున్నారు. బరువు పెరగడానికి కారణమవుతున్నది దాని వెనకాల వచ్చిన ‘ఇవాళ్టికి పాడైపోయింది’ అన్న ఆలోచన. నిండా మునిగినవాడికి చలేమిటి అన్నట్టు, ఒకసారి నియమం తప్పాక ఇక ఎంత తింటే మాత్రం ఏం అనిపిస్తుంది. అలా అనిపించేది మీ ఒక్కరికే కాదు.

1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించి చూశారు. కొందరు విద్యార్థినులకు ముందుగా మిల్క్‌షేక్ తాగించారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఆ తర్వాత ఐస్‌క్రీమ్‌లు ముందు పెట్టి, రుచి ఎలా ఉందో చెప్పండి, ఎంత కావాలంటే అంత తినండి అన్నారు. తిండి విషయంలో ఏ కట్టుబాట్లూ లేనివాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. కడుపు నిండింది కాబట్టి అది సహజం. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్ళు మాత్రం ఏమీ తాగనప్పటికంటే మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ ఐస్‌క్రీమ్ తిన్నారు. నియమం తెగింది, దానితోపాటు కడుపు మాట వినడమూ ఆగిపోయింది. మీ బిస్కెట్ల రాత్రి కూడా సరిగ్గా ఇలాగే జరిగింది.

మనోనిగ్రహం గురించి అడిగారు కాబట్టి ఇంకో ప్రయోగం కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు 24 వారాల పాటు తిండి బాగా తగ్గించి ఇచ్చారు. వాళ్ళంతా యుద్ధంలో ఆయుధం పట్టడానికి ఒప్పుకోక, దానికి బదులు ఈ ప్రయోగానికి తమంతట తాముగా ముందుకొచ్చినవాళ్ళు. దేశమంతా ఒకవైపు ఉంటే తాము నమ్మినదాని కోసం ఎదురు నిలిచినవాళ్ళకి మనోబలం లేదని ఎవరూ అనలేరు. అలాంటివాళ్ళు కూడా కొన్ని వారాలు గడిచేసరికి పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించారు, మాట్లాడుకున్నారు. కొందరు వంటల పుస్తకాలు కొని దాచుకున్నారు. ప్రయోగం అయిపోయి కావలసినంత తిండి దొరికాక కూడా, కడుపు నిండినా తినాలనే యావ తీరక చాలా రోజులు ఇబ్బంది పడ్డారు. వాళ్ళకి అప్పుడు ఇచ్చింది రోజుకి సుమారు 1,600 కేలరీలు. వాళ్ళు మగవాళ్ళు, బాగా నడిపించేవారు కూడా, కాబట్టి మీతో నేరుగా పోల్చలేం. కానీ మీ కాఫీ, సలాడ్, సూప్ అన్నీ కలిపినా అందులో సగానికి రావడం కష్టం. సాయంత్రం నాలుగింటికి కేక్ ముందుకొచ్చేసరికి మీకున్నది తీపి మీద మోజు ఒక్కటే అనుకోకండి. మీకు ఆకలేసింది. పొద్దుటి నుంచీ కడుపులో పడింది కాఫీ, సలాడ్ మాత్రమే.

అందుకే నేను చెప్పే మొదటి మార్పు ఐస్‌క్రీమ్ గురించి కాదు, పొద్దుటి టిఫిన్ గురించి. కాఫీ ఒక్కటీ తాగి ఆఫీసుకి వెళ్ళకండి. మూడు పూటలా కడుపుకి ఆనేలా తినండి. ప్రతి పూటా మాంసకృత్తులు ఉండాలి. గుడ్లు, పప్పులు, పెరుగు, చేపలు, మాంసం, వీటిలో మీకు అలవాటైనవి ఏవైనా సరే. సగం పళ్ళెం కూరగాయలు, కొంత ముడి ధాన్యం. సలాడ్ తినొద్దనడం లేదు, దాన్ని భోజనంలో భాగం చేసుకోండి, అదొక్కటే భోజనం అనుకోకండి. ఈ ఒక్క మార్పుతోనే రాత్రి పదింటికి వంటింట్లోకి లాగే ఆ ఆరాటం చాలావరకు తగ్గుతుంది. సరిగా తిన్న మనిషి ముందుకొచ్చిన కేక్ వేరు, రోజంతా కడుపు మాడ్చుకున్న మనిషి ముందుకొచ్చిన కేక్ వేరు.

ఇక మీ చాక్లెట్ ఐస్‌క్రీమ్ సంగతి. దాన్ని తిరిగి తెచ్చుకోండి. పెద్ద డబ్బా వద్దు. ఒక మనిషికి సరిపడే చిన్న కప్పు చాలు. ఇంట్లో నలుగురుంటే నాలుగు కప్పులు తెండి. రాత్రి భోజనం అయ్యాక అందరూ బల్ల దగ్గర ఉండగానే తినండి. ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి కాకుండా, కూర్చుని, చిన్న చెంచాతో. ఫోన్ పక్కన పెట్టేయండి, టీవీ ఆపేయండి. మరీ గడ్డకట్టి ఉంటే రెండు నిమిషాలు ఆగండి, అంచులు కాస్త మెత్తబడతాయి. మరీ చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి సరిగా అందదు, కొంచెం మెత్తబడ్డాక చాక్లెట్ రుచి బాగా తెలుస్తుంది. మొదటి చెంచా నోట్లో పూర్తిగా కరిగాకే రెండోది. మొదటి నాలుగైదు చెంచాల్లో ఉన్న రుచి తర్వాత ఉండదని మీకే తెలుస్తుంది. ఒకే పదార్థం తింటూ పోతే దాని మీద ఇష్టం తగ్గుతూ వస్తుందని బార్బరా రోల్స్ అనే పోషకాహార శాస్త్రవేత్త 1980ల మొదట్లోనే చూపించారు. అయితే ఆ తగ్గడాన్ని మనం గమనించాలంటే మనసు పళ్ళెం మీద ఉండాలి. చీకట్లో, ఎవరైనా వస్తారేమోనన్న కంగారుతో, గబగబా తినే మనిషికి అది ఎలా తెలుస్తుంది? ప్యాకెట్ అడుగు కనబడేదాకా చెయ్యి ఆగదు.

భోజనం తర్వాత అని ఎందుకంటున్నానంటే, అప్పటికే కడుపులో పీచు, మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. కొంచెంతోనే తృప్తి కూడా కలుగుతుంది. పళ్ళకీ అదే మేలు. తీపి తిన్న ప్రతిసారీ నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంటో ఇంకాస్త ఎక్కువో పడుతుంది. రోజంతా ఒక్కొక్కటిగా చాక్లెట్లు చప్పరిస్తుంటే పళ్ళకి ఆ విరామమే దొరకదు. అదే తీపి ఒకేసారి భోజనంతో పాటు తింటే నష్టం తక్కువ.

ఎంతవరకు తినొచ్చు అన్నదానికి ఒక కొలత ఉంది. రోజంతా తినే కేలరీల్లో విడిగా కలిపిన చక్కెర వాటా 10 శాతం మించకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకి 2,000 కేలరీలు తినేవాళ్ళకి 10 శాతం అంటే 50 గ్రాములు, సుమారు 12 చిన్న చెంచాలు. 5 శాతం అంటే 25 గ్రాములు, ఆరు చెంచాలు. తేనె, పళ్ళ రసాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కోసుకుని తినే పళ్ళలో, పాలలో సహజంగా ఉండే చక్కెర ఇందులోకి రాదు. 100 గ్రాముల చాక్లెట్ ఐస్‌క్రీమ్‌లో 20–25 గ్రాముల చక్కెర, 200 పైన కేలరీలు ఉంటాయి. మీరు కాఫీలో చక్కెర వేసుకోవడం మానేశారు కదా, మీ వాటా చాలావరకు అలాగే మిగిలి ఉంది. వారంలో రెండు మూడు సార్లు ఆ కప్పు తింటే మీ ఆరోగ్యానికి వచ్చే ముప్పేమీ లేదు.

అలాగని ఏదైనా ఎంతైనా తినొచ్చని నేను అనను. ఇష్టంగా తినేది వేరు, అలవాటుగా నోట్లోకి వెళ్ళిపోయేది వేరు. ఈ రెండింటినీ మనం ఒకే పద్దులో రాస్తుంటాం. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. మధ్యాహ్నం భోజనంతో రోజూ ఒక డబ్బా తాగేవాళ్ళు దాన్ని స్వీటు కింద అసలు లెక్కే వేయరు. మీటింగులో పళ్ళెంలో పెట్టే బిస్కెట్లు, పిల్లలు వదిలేసిన చిప్స్, ఇలా ఇష్టం లేకపోయినా తినేవి ఒకసారి గమనించండి. కోత పెట్టాల్సింది అక్కడ. చిప్స్‌లో ఉప్పు కూడా చూసుకోవాలి, రోజు మొత్తానికి 5 గ్రాములకు మించొద్దు, అంటే ఒక చిన్న చెంచా.

ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. కొన్ని ప్యాకెట్ తిండ్ల దగ్గర ఆగడం నిజంగానే కష్టం. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం 20 మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన తిండి పెట్టింది. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్ చేసిన తిండి పెట్టినప్పుడు వాళ్ళు రోజుకి 500 కేలరీల దాకా ఎక్కువ తిన్నారు, ఇంకా వేగంగా కూడా తిన్నారు. మెత్తగా, నమలక్కర్లేకుండా గొంతు దిగిపోయే తిండి అలాంటిది. కాబట్టి పెద్ద ప్యాకెట్లు ఇంట్లో నిల్వ పెట్టకపోవడం తెలివైన పని. దాన్ని పిరికితనం అనుకోవద్దు. ఏదైనా తినాలనిపిస్తే గిన్నెలోకి తీసుకుని, ప్యాకెట్ మడిచి లోపల పెట్టేసి రండి.

వారానికొకరోజు ‘చీట్ డే’ పెట్టుకోమని మీకు ఎవరైనా సలహా ఇచ్చే ఉంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఆరు రోజులు తిండితో యుద్ధం చేసి ఏడో రోజు ఆబగా మీద పడటం మీకిప్పుడున్న ఇబ్బందినే క్యాలెండర్‌లోకి ఎక్కించడం. తిన్నదాన్ని వ్యాయామంతో కరిగించాలనే లెక్క కూడా వద్దు. అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 150 కేలరీలకు కాస్త అటూ ఇటూ. కేక్‌కి బదులు తీర్చుకోవడానికి నడిచేవాళ్ళకి కొన్నాళ్ళకి నడకంటేనే విసుగు పుడుతుంది. నడక గుండెకి మంచిది, నిద్రకి మంచిది, మనసుకి మంచిది. వారానికి 150 నిమిషాలు నడవండి, కేక్ తిన్నా తినకపోయినా. నిద్ర కూడా చూసుకోండి. నిద్ర తక్కువైన మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదకీ నూనె వంటల మీదకీ మనసు పోతుంది.

మీకు ముఖ్యంగా మార్చుకోమని చెప్పేది కేక్ తిన్న తర్వాతి భోజనం. ఎప్పుడైనా అనుకున్నదానికంటే ఎక్కువ తింటారు, అందరం తింటాం. ఆ తర్వాతి పూట మామూలుగా, వేళకి, మామూలుగా తినేంతే తినండి. మానొద్దు, తగ్గించొద్దు. మర్నాడు సాయంత్రం దాకా ఉపవాసం ఉన్నారే, ఆ రోజు రాత్రి మళ్ళీ ఏమైందో మీరు రాయలేదు కానీ నేను ఊహించగలను. శిక్ష వేసుకున్న ప్రతిసారీ తర్వాతి తప్పుకి మీరే దారి వేస్తున్నారు. మొదట్లో మామూలుగా తినడం కష్టంగా ఉంటుంది, ఏదో తప్పించుకున్నట్టు అనిపిస్తుంది. కొన్ని వారాలు అలాగే కొనసాగించండి.

పాప ప్రశ్న గురించి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. ఎనిమిదేళ్ళ పిల్ల అలా అడిగిందంటే మీరు అద్దం ముందు అనుకునే మాటలు, కేక్ వద్దంటూ మీరు చెప్పే కారణాలు అన్నీ వింటోందని అర్థం. తనని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి: ‘లావైపోవు నాన్నా. కేక్ రుచి కోసం తింటాం, అప్పుడప్పుడు తింటాం. ఎదగడానికి, ఆడుకోవడానికి బలం కావాలి కదా, దానికి భోజనం తింటాం. రెండూ మన ఇంట్లో ఉంటాయి.’ ఇంతే చాలు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. తన శరీరం గురించే కాదు, మీ శరీరం గురించి కూడా తన ముందు కించపరుస్తూ మాట్లాడకండి. కూర తింటే చాక్లెట్ ఇస్తానని బేరం పెట్టకండి, అలా చేస్తే చాక్లెట్ బహుమతి, కూర శిక్ష అని పిల్లలకి మనమే నేర్పినట్టవుతుంది. పూర్తిగా దాచిపెట్టడమూ పనిచేయదు. 1999లో ఫిషర్, బర్చ్ అనే పరిశోధకులు చిన్నపిల్లలకి ఒక రకం చిరుతిండి కళ్ళెదుటే పెట్టి, తినడానికి మాత్రం కాసేపే అనుమతి ఇచ్చి చూశారు. అడ్డు చెప్పేకొద్దీ పిల్లలు దాని గురించే మాట్లాడారు, అదే కావాలన్నారు. ఎప్పుడు, ఎంత అన్నది మీరు నిర్ణయించండి. పెట్టాక మాత్రం సంతోషంగా తిననివ్వండి. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు ఆ ఐస్‌క్రీమ్ కప్పు తన పక్కన కూర్చుని తినండి. అమ్మ ఇష్టంగా తిని, చాలనిపించినప్పుడు చెంచా కింద పెట్టడం తను కళ్ళారా చూడాలి.

ఆఫీసులో బలవంతం చేసేవాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాల్సిన పనిలేదు. తినాలనిపిస్తే తినండి, లేదంటే ‘ఇప్పుడొద్దండీ, థాంక్స్’ అంటే సరిపోతుంది. డైటింగ్ అని చెప్పారో, పది మంది పది సలహాలిస్తారు.

మీ రక్తపరీక్షలు బాగున్నాయి కాబట్టే ఇవన్నీ ఇంత నిశ్చింతగా చెప్పగలిగాను. ఇది చదివే వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళుంటే, తీపి పూర్తిగా నిషేధం కాకపోయినా ఎంత, ఎప్పుడు అన్నది వాడే మందుల్ని బట్టి ఉంటుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా మార్పులు చేయకూడదు.

చివరగా ఒక ప్రశ్న, మీలో మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోండి. ఆ బిస్కెట్ల రాత్రి లాంటివి ఎంత తరచుగా వస్తున్నాయి? తక్కువ సమయంలో చాలా ఎక్కువ తినేయడం, ఆపాలన్నా ఆపలేకపోవడం, సిగ్గుతో ఎవరికీ కనబడకుండా తినడం, తర్వాత తీవ్రంగా కుమిలిపోవడం, ఇవి వారానికి ఒకసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే దాన్ని వైద్యులు ఒక ఆరోగ్య సమస్యగా గుర్తిస్తారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్, 2013లో దీన్ని ‘బింజ్ ఈటింగ్ డిజార్డర్’ అనే పేరుతో తన మానసిక రుగ్మతల జాబితాలో విడిగా చేర్చింది. దీనికి మంచి చికిత్స ఉంది, ముఖ్యంగా కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. తిన్నది బయటికి కక్కేయాలని ప్రయత్నించడం, విరేచనాల మందులు వాడటం లాంటివి ఒక్కసారి జరిగినా మూడు నెలలు ఆగి చూడకండి. ఈ వారమే డాక్టరుని కలవండి. బరువు గురించి అడిగి ఊరుకోకుండా, ఆ రాత్రి నాకు రాసినట్టే ఉన్నదున్నట్టు చెప్పండి. నోటితో చెప్పడం ఇబ్బందిగా ఉంటే ఈ ఉత్తరమే చేతికివ్వండి.